అగ్నివీర్ ట్రైనింగ్‌కి బయల్దేరే ముందు – 3వ పాఠం: బ్యాగు సర్దడం

పోయిన పాఠంలో కాగితాల ఫైలు తయారుచేసుకున్నాం. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉన్నవాళ్లు ఈపాటికి సరిచేయించుకునే ఉంటారు. చేయించుకోకపోతే ముందు ఆ పని చూసుకుని రండి. సబ్బు మర్చిపోతే అక్కడ కొనుక్కోవచ్చు, పేరులో తేడాను అక్కడ కూర్చుని దిద్దించుకోలేరు.

ఇక బ్యాగు సంగతి. మనవాళ్లు చేసే పొరపాటు తక్కువ తీసుకెళ్లడం కాదు, ఎక్కువ మోసుకెళ్లడం. యూనిఫాం, బూట్లు, కంబళ్ల లాంటివి ట్రైనింగ్ సెంటర్‌లోనే ఇస్తారు. మిగతా చిల్లర సామాను చాలావరకు అక్కడి క్యాంటీన్‌లో దొరుకుతుంది. నల్ల రంగు ఇనప పెట్టె కూడా అంతే. జాయినింగ్ లెటర్‌లో తెమ్మని రాస్తే తప్ప దాన్ని సికింద్రాబాద్ నుంచి జబల్‌పూర్ సెంటర్ దాకా రైల్లో ఈడ్చుకెళ్లకండి. ఆ లెటర్‌లో ఉన్న జాబితాదే చివరిమాట. నా పాఠానికీ దానికీ తేడా వస్తే దాన్నే పాటించండి.

సెంటర్ ఎక్కడో చూసుకుని సర్దండి. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ అయితే మనకు అలవాటైన వాతావరణమే. మద్రాస్ రెజిమెంట్ వాళ్ల వెల్లింగ్టన్ అయితే అలా కాదు. అది నీలగిరుల్లో, సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉంది. ఇచ్చే కిట్ చేతికి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి, ఒక స్వెట్టర్ బ్యాగులో పైనే ఉండాలి.

ఇంటి నుంచి ఎక్కువ తీసుకెళ్లాల్సినవి లోదుస్తులు, సాక్సులే. ఒక్కోటీ ఆరు జతలు పెట్టండి. చెమట రోజూ పడుతుంది, ముసురు పట్టిన రోజు తాడు మీద వేసిన బనీను ఆరదు. తడి సాక్సుతో పరుగెత్తితే మడమకు బొబ్బ లేస్తుంది, మర్నాడు పీటీలో వెనకబడతారు. రన్నింగ్ బూట్లు కొత్తవైతే అట్టపెట్టెలోంచి నేరుగా బ్యాగులోకి వెళ్లకూడదు. ఇప్పటి నుంచే వేసుకుని ఊరి గ్రౌండ్‌లో పరుగెత్తండి, కాలికి అలవాటు కావాలి.

బట్టలు మడతపెట్టకుండా చుట్టండి. టీషర్టును మంచం మీద బోర్లా పరిచి, కింది అంచును నాలుగు వేళ్ల వెడల్పున పైకి తిరగేయండి. రెండు చేతులూ వీపు మీదకు మడిచి, మెడ వైపు నుంచి గట్టిగా చుట్టుకుంటూ రండి. చివర మిగిలే ఆ తిరగేసిన అంచును చుట్ట మీదుగా తొడిగితే అది విడిపోదు. ఒక టీషర్టు, ఒక డ్రాయరు, ఒక జత సాక్సు కలిపి ఒకే చుట్టగా చేస్తే మరీ మంచిది. స్నానానికి వెళ్లేటప్పుడు ఒక్క చుట్ట లాగితే సరిపోతుంది. తెల్లవారకముందే విజిల్ పడితే ఒక సాక్సు ఇక్కడా, రెండోది ఎక్కడో అని వెతుక్కునే టైం ఉండదు, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ ఆగడు.

అందరివీ ఒకేలాంటి తెల్ల బనీన్లు. అందుకే గుర్తు వేయాలి. ఇంట్లోనే పేరు రాసేయకండి, అక్కడ మీకు ఆర్మీ నంబరు వస్తుంది. తెల్ల నాడా కొంత, చెరగని మార్కరు ఒకటి, సూది, దారం పెట్టుకోండి. నంబరు వచ్చాక నాడా ముక్క మీద రాసి లోపలి వైపు కుట్టుకోవచ్చు.

చిన్న తాళాలు రెండు కొనండి. తాళంచెవుల్లో ఒకటి నాడాకి కట్టి మెడలో వేసుకోండి, రెండోది పర్సులో ఉంచండి. రెండో చెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసే మహానుభావులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బంగారు గొలుసు, ఉంగరం ఇంట్లోనే వదిలేయండి. చాలా సెంటర్లలో ఫోను జమచేసుకుంటారు కాబట్టి అమ్మానాన్నల నంబర్లు, బ్యాంకు ఖాతా నంబరు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లి, చేరగానే అక్కడి వైద్య సిబ్బందికి చెప్పండి, దాచొద్దు.

ఇక అమ్మతో పేచీ. ఆవకాయ సీసా వద్దని గట్టిగా చెప్పండి. మూత ఎంత బిగించినా రైలు కుదుపుకి నూనె ఊరుతుంది, ఒరిజినల్ సర్టిఫికెట్ల మీద ఆ మరక పోదు. సున్నుండలైతే ఒక చిన్న డబ్బా చాలు, అది కూడా రైల్లోనే ఖాళీ చేసేయండి. అమ్మ మరీ బాధపడితే డబ్బా సైజు పెంచండి, ఎదురు బెర్తులో మీలాంటివాళ్లే ఉంటారు.

ఈ వారం అభ్యాసం. బ్యాగు పూర్తిగా సర్ది, మంచం కింద పెట్టి, రాత్రి లైటు ఆర్పేయండి. తమ్ముడినో చెల్లినో గడియారం పట్టుకోమని, బ్రష్షు, సబ్బు, తువ్వాలు, షేవింగ్ రేజరు, ఒక బట్టల చుట్ట చేత్తో తడిమి తీయండి. రెండు నిమిషాలు దాటితే ఆ వస్తువులు తప్పుడు చోట ఉన్నట్టు. స్నానం సామాను అంతా ఒకే గుడ్డ సంచిలోకి మార్చి, బ్యాగులో ఒకే మూలన పెట్టి మళ్లీ చేయండి. తమ్ముడో చెల్లో చెప్పిన వస్తువు ఏదైనా చీకట్లో మొదటిసారే చేతికి దొరికేదాకా మూల మార్చొద్దు.

వచ్చే పాఠానికి ఒక పాత చొక్కా, నల్లదారం, నాలుగు గుండీలు దగ్గర పెట్టుకోండి. గుండీ కుట్టడంతో మొదలుపెట్టి, బూట్ల పాలిష్ దాకా వెళ్దాం.