ఒకే కంపెనీ షేరు దశాబ్దాల్లో ఎంత రాబడి ఇచ్చిందో లెక్కగట్టే పద్ధతి

1986 మార్చిలో మైక్రోసాఫ్ట్ పబ్లిక్ ఇష్యూ ధర 21 డాలర్లు. ఇవాళ్టి ధరను 21తో భాగించి ఇన్ని రెట్లయింది అంటే లెక్క మొదట్లోనే తప్పింది. ఆనాటి ఒక్క షేరు, తొమ్మిది స్ప్లిట్ల (ఒక షేరును ఎక్కువ షేర్లుగా విడగొట్టడం) తర్వాత, 2003 నాటికి 288 షేర్లయింది. అందుకే ధరను పక్కనపెట్టి ముందు షేర్లను లెక్కపెట్టాలి. కొన్నవి ఇప్పటికి ఎన్నయ్యాయి, మధ్యలో చేతికి ఏమొచ్చింది అన్నవి తేలితే మిగిలేది కాలిక్యులేటర్ పనే.

స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు వరుసలు చాలు: తేదీ, ఏం జరిగింది, షేర్ల సంఖ్య, వచ్చిన నగదు. స్ప్లిట్లు, డివిడెండ్ల (కంపెనీ లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు) చరిత్రను చాలా పెద్ద కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల విభాగంలో పెడతాయి. ముందు అక్కడ చూడండి, ఆ తర్వాతే డేటా సైట్లు.

ఉదాహరణకు 40 చొప్పున 100 షేర్లు కొన్నారు, పెట్టుబడి 4,000. మధ్యలో ఒకసారి 2:1 స్ప్లిట్, మరోసారి 3:2 స్ప్లిట్ జరిగాయి. 100 కాస్తా 200, తర్వాత 300 అయ్యాయి. 20 ఏళ్ల తర్వాత ధర 90 అనుకుంటే విలువ 27,000. అంటే 6.75 రెట్లు. వార్షిక చక్రవృద్ధి రేటు, అదే సీఏజీఆర్, కావాలంటే 6.75ను 1/20 ఘాతానికి పెంచి ఒకటి తీసేయాలి: దాదాపు 10 శాతం. స్ప్లిట్లు మరిచిపోయి 90ని 40తో భాగించినవాళ్లకు వచ్చేది 4.1 శాతమే.

బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) దగ్గర చాలామంది తడబడతారు. 2:1 స్ప్లిట్ అంటే ఒకటి రెండవుతుంది. 2:1 బోనస్ అంటే ఉన్న ఒక్కదానికి అదనంగా రెండు వస్తాయి, మొత్తం మూడు. అంకెలు ఒకటే, గుణకం వేరు. రివర్స్ స్ప్లిట్‌లో సంఖ్య తగ్గుతుంది: 2021లో జనరల్ ఎలక్ట్రిక్ ఎనిమిది షేర్లను ఒకటి చేసింది. చార్టులో ధర ఒక్కసారిగా ఎనిమిది రెట్లు పెరిగినట్టు కనిపిస్తే సంబరపడకుండా ముందు ఇది చూసుకోవాలి.

ఇక డివిడెండ్లు. తిరిగి అదే షేరులో పెట్టారనుకుంటే, ఎక్స్ డివిడెండ్ తేదీన (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు) ఉన్న షేర్లను డివిడెండ్‌తో గుణించి ఆనాటి ముగింపు ధరతో భాగించండి. వచ్చినన్ని షేర్లు, భిన్నాలతో సహా, సంఖ్యకు కలపండి. పై ఉదాహరణలో ఏటా 2 శాతం డివిడెండ్ వచ్చి ఉంటే 300 షేర్లు దాదాపు 446 అవుతాయి, రాబడి 10 నుంచి 12.2 శాతానికి చేరుతుంది. ఏటా రెండు శాతమే కదా అనిపిస్తుంది గానీ, 20 ఏళ్లకు చేతికొచ్చే మొత్తంలో దాదాపు మూడో వంతు అదే. పన్ను కట్టాల్సి ఉంటే అది పోగా మిగిలిన డివిడెండ్‌నే తిరిగి పెట్టినట్టు రాయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. డేటా సైట్లు పాత డివిడెండ్లను కూడా స్ప్లిట్లకు తగ్గట్టు సవరించి చూపిస్తుంటాయి. ఆనాటి షేర్ల సంఖ్యకు ఆనాడు ప్రకటించిన డివిడెండ్‌నే వాడాలి. ఆనాటి సంఖ్యకు సవరించిన అంకె వాడితే రాబడి పడిపోతుంది.

ఇదంతా ఎందుకు, యాహూ ఫైనాన్స్‌లో అడ్జస్టెడ్ క్లోజ్ (సవరించిన ముగింపు ధర) ఉందిగా అంటారు. వాడొచ్చు, కానీ అదెలా తయారవుతుందో తెలియాలి. ఎక్స్ తేదీకి ముందు రోజు ధర 50, డివిడెండ్ 1 అయితే అంతకు ముందున్న ధరలన్నిటినీ 0.98తో గుణిస్తారు. అంటే డివిడెండ్ అందులోనే కలిసిపోయింది. ఆ ధరతో లెక్కగట్టి, పైన డివిడెండ్లు మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టే. అక్కడే ఉండే మామూలు క్లోజ్‌లో స్ప్లిట్ల సవరణ మాత్రమే ఉంటుంది. చాలా పాత ధరల్లో మరో చిక్కు కూడా ఉంది. 1980లో 22 డాలర్లకు వచ్చిన యాపిల్ షేరు ఇప్పటికి 224 అయింది కాబట్టి సవరించిన ఇష్యూ ధర 0.0982 డాలర్లు. దాన్ని 0.10 అని రాస్తేనే దాదాపు రెండు శాతం తేడా.

అన్నిటికన్నా ఎక్కువగా లెక్క చెడేది డీమెర్జర్ల (కంపెనీలో ఒక భాగం వేరే కంపెనీగా విడిపోవడం) దగ్గర. 2015 జులైలో ఈబే నుంచి పేపాల్ విడిపోయినప్పుడు ఒక్కో ఈబే షేరుకు ఒక పేపాల్ షేరు ఇచ్చారు. ఆ రోజు ఈబే ధర పడింది, వాటాదారు నష్టపోలేదు. కొత్త షేరుకు వేరే వరుస తెరిచి చివరి వరకు పట్టుకెళ్లొచ్చు, లేదా మొదటి రోజే అమ్మి ఆ డబ్బుతో పాత షేరే కొన్నట్టు రాయొచ్చు. మొదటి పద్ధతి మేలు, వాటాదారు ఏమీ చేయకుండా కూర్చుంటే జరిగేది అదే. ఏది ఎంచుకున్నా చివరిదాకా మార్చకండి. కంపెనీని నగదు ఇచ్చి మరొకరు కొనేస్తే ఆ రోజుతో వరుస ఆగిపోతుంది. ఆ తర్వాత డబ్బు ఇండెక్స్ ఫండ్‌లోకి వెళ్లిందనుకుంటే అలాగని పక్కన రాసిపెట్టండి.

విడతలవారీగా కొన్నవాళ్లకు సీఏజీఆర్ పనికిరాదు. పెట్టినవి మైనస్‌లో, వచ్చినవి ప్లస్‌లో, తేదీలతో సహా వేసి ఎక్స్‌ఐఆర్ఆర్ ఫార్ములా (తేదీలను బట్టి వార్షిక రాబడి చెప్పేది) వాడాలి. చివరి వరుసలో ఇవాళ్టి విలువను ప్లస్‌లో వేయడం మరవొద్దు.

వచ్చిన శాతాన్ని దేనితో పోలుస్తున్నారన్నదీ చూసుకోవాలి. డివిడెండ్లు కలిపిన రాబడిని మామూలు సూచీతో పోల్చకూడదు, డివిడెండ్లు కూడా కలిపి లెక్కించే టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చాలి. ధరల పెరుగుదల తీసేయాలంటే భాగించాలి: 10 శాతం రాబడి, 5 శాతం ద్రవ్యోల్బణం అయితే 1.10ని 1.05తో భాగిస్తే నికరం 4.76 శాతం.

మొదలుపెట్టే తేదీ ఒక్కటే తీసుకోకండి. మైక్రోసాఫ్ట్ 1999 డిసెంబరు నాటి గరిష్ఠ ముగింపు ధరను మళ్లీ దాటింది 2016 అక్టోబరులో. 1986 నుంచి లెక్కగడితే గొప్ప షేరు, 1999 చివర నుంచి అయితే పదహారేళ్లకు పైగా ధర కదలని షేరు. మధ్యలో వచ్చిన డివిడెండ్లు, 2004లో ఇచ్చిన 3 డాలర్ల ప్రత్యేక డివిడెండ్‌తో సహా, కొంత ఊరటనిచ్చాయంతే. కాబట్టి ప్రతి ఏడాది మొదటి నుంచీ పదేళ్ల రాబడి తీసి, అందులో అత్యల్పం, మధ్యస్థం రెండూ చూడండి. గరిష్ఠం నుంచి ఎంత లోతుకు పడిందో కూడా రాయండి. అమెజాన్ 1999 నుంచి 2001 మధ్య 90 శాతానికి పైగా పడింది. 90 శాతం పడిన షేరు పాత ధరకు రావాలంటే పది రెట్లు కావాలి.

ఇప్పుడు బతికున్న కంపెనీలతోనే పట్టిక చేస్తే అంకెలన్నీ అందంగానే వస్తాయి. ఫైనాన్స్ ప్రొఫెసర్ హెండ్రిక్ బెసెంబైండర్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1926 తర్వాతి అమెరికా షేర్లలో సగానికి పైగా తమ జీవితకాలంలో నెలరోజుల ట్రెజరీ బిల్లుల (అమెరికా ప్రభుత్వం తీసుకునే స్వల్పకాలిక అప్పు) రాబడిని కూడా అందుకోలేదు. జనరల్ మోటార్స్ చార్టు తెరిస్తే 2010 నవంబరు నుంచే మొదలవుతుంది, 33 డాలర్ల ఇష్యూ ధరతో. అది కొత్త కంపెనీ షేరు. 2009లో దివాలా తీసిన పాత కంపెనీ వాటాదారులకు ఏమీ దక్కలేదు. మీ పట్టికలో వాళ్ల షేర్లకు వేరే వరుస ఇచ్చి, చివరి విలువ దగ్గర సున్నా వేయండి.