వీధంతా కలిసి బర్గర్లు వేసే ముందు: గోదావరి డెల్టాలో వేసవి జాగ్రత్తలు

సెలవులిచ్చాక అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు వీధుల్లో నాలుగిళ్లవాళ్లు కలిసి సాయంత్రం బయట వండుకోవడం మామూలే. ఇప్పుడు అందులోకి బర్గర్లూ వచ్చాయి. కోడి కైమా, రొయ్యలు, పనసపొట్టు, ఎవరికి తోచింది వాళ్లు పెడుతున్నారు. పిల్లలు ఇష్టంగా తింటారు, తప్పకుండా చెయ్యండి. కానీ ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. మన కూరకున్న రక్షణ బర్గర్‌కి లేదు. కోడికూర ముప్పావుగంట కుతకుతా ఉడుకుతుంది, కడగడంలోనో కొయ్యడంలోనో చిన్న పొరపాటు జరిగినా ఆ ఉడుకులో చాలావరకు సర్దుకుపోతుంది. బర్గర్ పెనం మీద ఉండేది పదీ పన్నెండు నిమిషాలే. పైగా అది కైమా. ముక్కకైతే క్రిములు ఎక్కువగా పైభాగానే ఉంటాయి, సెగ ముందు తగిలేదీ అక్కడే. కైమా కొట్టేసరికి పైనున్నదంతా లోపలికి చేరుతుంది. కాబట్టి నడిమధ్య దాకా కాలితేనే కాలినట్టు.

అందుకని మొదట కొనాల్సింది కొత్త గ్రిల్లు కాదు, మాంసంలో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కోడి కైమా మధ్యలో 74 డిగ్రీలు, మటన్ కైమా 71, రొయ్యలు, చేపలు 63 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. పైనుంచి గుచ్చితే మొన పెనం దాకా దిగి తప్పుడు అంకె చూపిస్తుంది. ప్యాటీని (బన్ను మధ్యలో పెట్టే బిళ్లని) అట్లకాడతో కాస్త ఎత్తి, పక్కనుంచి మధ్యకి గుచ్చండి. కొన్నాక గ్లాసు నిండా ఐసుముక్కలు వేసి, సందులు నిండేటంత నీళ్లు పోసి అందులో ముంచి చూడండి. సున్నా దగ్గర నిలబడితే అది నమ్మదగ్గదే.

రంగు చూసి చెప్పేస్తాం అనుకోవద్దు. మన కైమాలో పసుపు, కారం పడతాయి, లోపల గులాబీ రంగు ఉన్నా ఆ ఎరుపులో తేలదు. పసుపు లేకపోయినా ఉడక్కముందే గోధుమరంగుకి తిరిగిపోయే మాంసం ఉంటుంది. రొయ్యలతో ఇంకో చిక్కు. నిమ్మరసం పిండి పావుగంట ఉంచితే పచ్చి రొయ్య తెల్లబడి గట్టిపడి అచ్చం ఉడికినట్టే కనబడుతుంది. అది పులుపు చేసిన పని, సెగ చేసింది కాదు. నిమ్మకాయ పెనం మీంచి దించాకే పిండండి.

కైమా ఎప్పుడు, ఎలా

పొద్దున్నే కొట్టించి సాయంత్రం దాకా ఇంట్లో పెట్టుకోవడం మే నెలలో పనికిరాదు. క్రిములు జోరుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. మన మధ్యాహ్నం సరిగ్గా ఆ మధ్యలో ఉంటుంది. బయట వేడి 32 డిగ్రీలు దాటితే పచ్చి కైమా గానీ, వండిన ప్యాటీ గానీ బయట ఉండగలిగేది ఒక్క గంట. మధ్యాహ్నం మూడింటికి, మీ కళ్లముందే, కడిగిన మిషన్లో కొట్టించి నేరుగా ఐసుపెట్టెలోకి ఎక్కించండి. ఇంటికి రాగానే కుప్పగా గిన్నెలో పెట్టకండి. ఐదు కిలోల ముద్ద ఫ్రిజ్‌లో పెట్టినా మధ్యలో చల్లబడటానికి గంటలు పడుతుంది, ఈలోపు కరెంటు పోతే అంతే సంగతులు. వెడల్పు పళ్లాల్లో రెండంగుళాల మందాన పరిచి పెట్టాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తియ్యకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. పిల్లలు నీళ్లసీసాల కోసం పదేపదే తెరవకుండా, ఆ రోజు తాగే నీళ్లకి వేరే పెట్టె పెట్టండి.

ఐసు దగ్గర మన ప్రాంతానికే ఉన్న ప్రమాదం ఇంకోటి ఉంది. చెరువు పట్టుబడుల కోసం తయారుచేసే దిమ్మ ఐసు చవగ్గా, దగ్గర్లోనే దొరుకుతుంది. అది రొయ్యలు నింపడానికి చేసింది, తాగేవాటిలో వేసుకోవడానికి కాదు. పెట్టె అడుగున, మూత గట్టిగా ఉన్న డబ్బాల చుట్టూ వేసుకోండి, బాగా పనికొస్తుంది. కానీ కరిగిన నీళ్లు బన్నులకి, కోసిన ఉల్లిపాయలకి తగలకూడదు, రోజ్ మిల్కులో, నిమ్మరసంలో ఒక్క ముక్క కూడా పడకూడదు. రొయ్యలు మోసిన పాత థర్మాకోల్ పెట్టె ఎంత కడిగినా గుంటల్లో నీచు ఉండిపోతుంది. కొత్తది కొనండి.

2025 ఫిబ్రవరిలో తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక చాలామంది చికెన్ తినొచ్చా అని భయపడ్డారు. లోపలిదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే ఆ వైరస్ బతకదు. జాగ్రత్త పడాల్సింది పచ్చి కోడిని ముట్టుకునే చేతుల దగ్గర. కోడిని కుళాయి కింద ధారగా కడగడం మానండి, ఆ తుంపరలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి.

కొలతలు

నలభైమందికి అరవై ప్యాటీలు సరిపోతాయి. కోడివి ముప్పై, రొయ్యలవి పదిహేను, పనసవి పదిహేను అనుకుందాం.

కోడికి బ్రెస్టు కైమా వద్దు, పొడిపొడిగా రాలిపోతుంది. తొడల బోన్‌లెస్ మూడు కిలోలు. కిలోకి ఉప్పు 12 గ్రాములు, అల్లంవెల్లుల్లి 25, సన్నగా తరిగి నీళ్లు పిండేసిన ఉల్లిపాయ 100, బ్రెడ్ పొడి 80 గ్రాములు. ఒక్కోటి 110 గ్రాములు, మందం ఒకటిన్నర సెంటీమీటరు, వెడల్పు బన్ను కంటే అర అంగుళం ఎక్కువ, ఎందుకంటే కాలాక ముడుచుకుంటుంది. మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చెయ్యండి, లేకపోతే నడుమ ఉబ్బి అక్కడే పచ్చిగా మిగిలిపోతుంది. ప్యాటీ విరిగిపోయిందంటే నూటికి తొంభైసార్లు తప్పు ఉల్లిపాయ నీళ్లదే. మటన్ చేసేవాళ్లు కిలోలో 200 గ్రాములు కొవ్వు ఉండేలా అడిగి కొట్టించుకోండి. మటన్‌లో ఉప్పు ముందే కలిపితే రబ్బరులా సాగుతుంది, పెనం మీద వేసే ముందు పైన చల్లితే చాలు. మెత్తబడుతుందని పచ్చి బొప్పాయి ముద్ద కలుపుతారు కొందరు. ముక్కకైతే సరే, కైమాని అది జావ చేసేస్తుంది.

రొయ్యలు తలతో కొంటే ఒలిచాక సుమారు సగమే మిగులుతాయి. పదిహేను ప్యాటీలకి ఒలిచినవి కిలో మూడువందలు కావాలి, అంటే రెండున్నర కిలోల పైన కొనాలి. వీపు మీది నల్లనరం తీసెయ్యండి. మూడొంతుల్లో ఒక వంతు మెత్తగా రుబ్బి, మిగతావి శనగగింజంత ముక్కలుగా కోసి కలిపితే గుడ్డు లేకుండానే అతుక్కుంటాయి. 90 గ్రాముల ప్యాటీకి ఒక్కోవైపు మూడు నాలుగు నిమిషాలు. చేపతో చెయ్యాలనుంటే పండుగప్ప ముళ్లు తీయించి చెయ్యండి, ముళ్లెక్కువ ఉన్న చేపల్ని కైమా చేసి పిల్లలకి పెట్టొద్దు.

పనసపొట్టు కిలోకి ఉడికించిన బంగాళాదుంప 400 గ్రాములు, వేయించిన శనగపప్పు పొడి 150. పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, బట్టలో కట్టి నీళ్లు మొత్తం పిండాలి. ఈ ప్యాటీలకి పెనం వేరు, అట్లకాడ వేరు, నూనె వేరు. శాకాహారుల కోసమే కాదు. రొయ్య పడనివాళ్లు ఉంటారు, అదే పెనం మీద కాల్చిన పనస ప్యాటీ తిన్నా వాళ్ల పెదాలు వాచి ఊపిరి అందని స్థితి రావచ్చు. రొయ్య ఎవరికి పడదో ముందురోజే ఇల్లిల్లూ అడగండి.

మయోనైజ్ విషయంలో మొహమాటపడకండి. పచ్చిగుడ్డుతో ఇంట్లో గిలక్కొట్టింది ఎండాకాలం విందులో పెట్టనే కూడదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. దాని బదులు పెరుగుని బట్టలో మూడు గంటలు వేలాడగట్టి (ఫ్రిజ్‌లోనే), ఉప్పు, వెల్లుల్లి, చిటికెడు ఆవపిండి కలపండి, అంతకంటే బాగుంటుంది. గోంగూర పచ్చడి, కొత్తావకాయ ముద్ద బర్గర్‌లోకి అద్భుతం, పాడవుతాయన్న బెంగా లేదు. కొబ్బరి పచ్చడి మాత్రం ఈ ఉక్కలో గంటల్లోనే పులుస్తుంది, చేస్తే వడ్డించే ముందే చెయ్యండి.

ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. నిల్వ చెరువులు అడుగంటుతాయి, సముద్రం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉల్లిపాయ, కీరా, టమాటా లాంటి పచ్చిగా తినేవన్నీ తాగే నీళ్లతోనే కడగండి. నలభైమందికి, చేతులు కడుక్కోవడంతో కలిపి, ఇరవై లీటర్ల టిన్నులు ఆరైనా ఉండాలి. సబ్బు పెట్టిన బల్ల వండేచోటికి రెండడుగుల్లో ఉండాలి, దూరమైతే ఎవరూ వెళ్లరు. పచ్చి ప్యాటీలు తెచ్చిన పళ్లెంలోకే కాలినవి తియ్యడం అందరూ చేసే తప్పు. పచ్చివాటికి ఎర్ర పళ్లేలు, కాలినవాటికి స్టీలు అని ముందే చెప్పేసుకుంటే తొందరలో కూడా తప్పు జరగదు.

నిప్పు ఎక్కడ పెట్టాలి

కొబ్బరిచెట్టు కింద కాదు. కాయ పడుతుంది, ఎండిన మట్ట పడుతుంది. షామియానా కింద కాదు. తాటాకు పాకకి, కొత్తగా వేసిన గడ్డివాముకి గాలివాటున అసలే కాదు, ఒక్క రవ్వ చాలు. సాయంత్రం సముద్రపు గాలి ఎటునుంచి వస్తోందో కాస్త బూడిద ఎగరేసి చూసి, ఖాళీగా ఉన్న సిమెంటు నేల మీద పెట్టండి. పక్కన రెండు బకెట్లు ఇసక, ఒక బకెట్ నీళ్లు.

కొబ్బరిచిప్పలు దండిగా ఉన్నాయని పచ్చిచిప్పల్ని నేరుగా కింద పెట్టకండి. చిటపటలాడి మంట ఎగుస్తుంది, పొగకి ప్యాటీ చేదెక్కుతుంది. చిప్పల్ని కాల్చి చేసిన బొగ్గు మాత్రం చక్కటి సెగనిస్తుంది. అంటించాక అరగంట ఆగాలి, పైన తెల్లబూడిద పట్టాకే గ్రిల్లు పెట్టాలి. పెట్రోలు, కిరసనాయిలు చల్లొద్దు. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు కొట్టకూడదు, ప్యాటీలు పక్కకి జరిపి మూత వెయ్యాలి.

గ్యాసు పొయ్యి వాడితే పెనం పొయ్యికంటే వెడల్పుగా ఉండకూడదు. పెద్ద దోసెపెనం రెండు బర్నర్ల మీద పరిస్తే సెగ కిందికి తిరిగి పైపు మీద పడుతుంది. గ్యాసు బండ నిలువుగా, పొయ్యికి మీటరున్నర దూరంలో ఉండాలి, గాలి తగలకుండా పొయ్యి చుట్టూ రేకులు కట్టొద్దు. రెగ్యులేటర్ బిగించాక సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. లీకైతే 1906కి ఫోను చెయ్యండి.

మే నెలలో ఎండకాసి ఉన్నట్టుండి ఈదురుగాలి, పిడుగులు రావడం మనకి తెలిసిందే. ఉరుము వినబడితే పని ఆపేసి పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి, చెట్ల కింద నిలబడకూడదు. నిప్పుల పొయ్యిని మాత్రం వరండాలోకో గ్యారేజీలోకో తేవద్దు. మూసిన చోట బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది. తడిసినా సరే, పొయ్యి బయటే ఉండాలి.

చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్లధార కింద పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా రాయకండి.

విందయ్యాక మిగిలిన పచ్చి కైమాని మళ్లీ ఫ్రీజర్లో పెట్టడం కన్నా, ఆ రాత్రే కాల్చేసి పంచేయడం మేలు. వడ్డించి గంట దాటిన ప్యాటీలు పారెయ్యండి, మనసొప్పకపోయినా సరే. బూడిద కింద బొగ్గు తెల్లారేదాకా రాజుతుంది. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చల్లబడ్డాకే పారబొయ్యండి.

తర్వాత రెండు మూడు రోజుల్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. విరేచనంలో రక్తం, తగ్గని జ్వరం, ఆరుగంటలుగా మూత్రం రాకపోవడం, పసిపిల్లలు మత్తుగా పడుండటం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, బండి లేకపోతే 108. ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో డాక్టరుకి చెప్పండి, మిగతా ఇళ్లవాళ్లకీ కబురు పెట్టండి.