ఇటలీలో చిర్చేఓ కొండ ఎక్కడం ఎలా?

రోమ్‌కు దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మోంతె చిర్చేఓ ఎత్తు 541 మీటర్లే. అంకె చూసి తేలిగ్గా తీసుకోకండి. నడక మొదలయ్యేదే దాదాపు సముద్రమట్టం నుంచి. ఆ ఎత్తంతా మన కాళ్ళతోనే ఎక్కాలి.

అక్టోబరు నుంచి మే వరకు వెళ్ళడం మేలు. దారిలో నీళ్ళు దొరకవు, మనిషికి రెండు లీటర్లైనా మోయండి. పట్టున్న బూట్లు వేసుకోండి. ముందురోజు వాన పడితే ప్రయాణం వాయిదా వేయండి. తడిసిన సున్నపురాయి మీద కాలు నిలవదు.

సబౌదియా పట్టణం వైపున్న తొర్రె పావొలా అనే పాత కావలి బురుజు దగ్గర బయలుదేరండి. పక్కనే సరస్సును సముద్రంతో కలపడానికి రోమన్లు తవ్విన కాలువ ఉంది. అక్కడి నుంచి ఎరుపు, తెలుపు గుర్తులను వదలకుండా వెళ్ళాలి. మొదట చెట్ల నీడ, ఆపైన నిటారు బండలు. కొన్నిచోట్ల చేతులు ఆనించక తప్పదు. అలాంటి చోట దిగడం కంటే ఎక్కడమే సులువు కాబట్టి ఇటు ఎక్కి శాన్ ఫెలిచే ఊరి వైపు దిగమంటాను. తిరిగి బురుజు దగ్గరకు చేరడానికి వాహనం ముందే మాట్లాడుకోండి.

శిఖరం మీద పాత గుడి ఆనవాళ్ళున్నాయి. గ్రీకు పురాణాల్లో మనుషులను పందులుగా మార్చిన కిర్కే ఇక్కడే ఉండేదని రోమన్లు నమ్మారు. గుడి పేరు విని పెద్ద కట్టడం ఊహించుకుంటే నిరాశే. అసలు చూడవలసింది ఊరి వైపున్న ప్రాచీన కోటగోడ. సున్నం వాడలేదు. ఏ రాయీ చతురస్రంగా లేదు. ఒకదాని మూల పక్కదాని వంపులో ఒదిగేలా చెక్కి పేర్చారు. తొందరపడకుండా అతుకుల వెంబడి చూపు నడిపించండి.

ఈ కొండకున్న గుహలను కూడా అదేరోజు కుక్కకండి. వాటిలో చాలావరకు సముద్రం ఒడ్డున, కింద ఉన్నాయి. మేకల గుహ అని పిలిచే దానిలో గోడ మీద, ఇప్పటి అలలకు అందని ఎత్తులో, అడ్డంగా ఒక గాడి, దాని దగ్గర వేలెడంత రంధ్రాలు కనిపిస్తాయి. సుమారు 1,25,000 ఏళ్ళ క్రితం నీటిమట్టం అక్కడిదాకా ఉండేది. ఆ రంధ్రాలు రాతిని తొలిచే ఆల్చిప్పలవి. గ్వత్తారి గుహలో 1939లో నియాండర్తల్ అనే అంతరించిన మానవజాతి పుర్రె దొరికింది. ఆ మనిషిని నరమాంస భక్షణ తంతులో తిన్నారని చాలాకాలం చెప్పుకున్నారు, తరువాత ఆ నేరం హైనాల మీదకు మళ్ళింది. 2021లో అక్కడే మరో తొమ్మిదిమంది అవశేషాలు బయటపడ్డట్టు ప్రకటించారు. లోపలికి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళనివ్వరు, సందర్శన వేళలు ముందే కనుక్కోండి. పడవలో మాత్రమే చేరగల గుహలకైతే సముద్రం శాంతంగా ఉన్న రోజు చూసుకోవాలి.