నాలుగైదేళ్ల పిల్లలకు సంఖ్యల బాట ఆట: తయారీ, ఆడించే పద్ధతి

లెక్కలు నేర్పే ఆట అనగానే చాలామంది గళ్ల మధ్య ప్రశ్నల కార్డులు పెట్టేస్తారు. జవాబు చెబితేనే పావు కదులుతుంది. ఆట ఆగి పరీక్ష మొదలైందని పిల్లలు ఇట్టే పసిగడతారు. నేర్పదలచిన విషయం పావు నడకలోనే ఉండాలి.

అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. పేద కుటుంబాల చిన్నపిల్లలతో 1 నుంచి 10 వరకు ఒకే వరుసలో ఉన్న గళ్ల మీద ఆడించారు. రెండు వారాల్లో, 15 నిమిషాల చొప్పున నాలుగు విడతలు. సంఖ్యల అవగాహన మెరుగైంది. సంఖ్యలు తీసేసి రంగుల గళ్ల మీద ఆడినవారిలో ఆ మార్పు రాలేదు. గళ్లను గుండ్రంగా పేర్చినా అంత ఫలితం లేదని 2009లో తేల్చారు. తిన్నని బాటలో సంఖ్య పెరిగేకొద్దీ దూరం, గెంతులు, పలికిన మాటలు, పట్టిన సమయం అన్నీ కలిసే పెరుగుతాయి. గుండ్రని బాటలో 10 మళ్లీ 1 పక్కకే వచ్చి చేరుతుంది.

55 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు ఉన్న దళసరి అట్ట తీసుకోండి. ఎడమ చివర 5 సెం.మీ. ఖాళీగా వదిలితే అది బయలుదేరే చోటు. మిగతాది సరిగ్గా 5 సెం.మీ. గళ్లు పది. ఒక్క గడి పెద్దదైనా దూరం లెక్క తప్పుతుంది. సంఖ్యను గడి పైసగంలో రాయండి, పావు కిందిసగంలో నిలుస్తుంది. మధ్యలో రాస్తే పావు దాన్ని కప్పేసి, పిల్లలు ఎక్కడున్నారో చదవలేరు. గళ్లలో బొమ్మలు వద్దు, చూపంతా వాటి మీదికే పోతుంది.

పాచికకు బదులు ఒక్క చింతపిక్క చాలు. ఒకవైపు గరుకు నేల మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. తెలుపు పడితే 1, నలుపు పడితే 2. ఇరవైసార్లు వేసి చూడండి. ఎప్పుడూ ఒకే వైపు పడుతుంటే పిక్క మార్చండి. మూడేళ్లలోపు పిల్లలు దగ్గరుంటే పిక్క నోట్లో పెట్టుకుంటారు, అప్పుడు రెండు రంగులు అంటించిన పెద్ద సీసా మూత వాడండి.

ఇద్దరు ఆడాలి. ఒక్కొక్కరికి ఆరేడు వంతులు రాగానే ఆట ముగుస్తుంది కాబట్టి ఓడినవారు వెంటనే మళ్లీ మొదలుపెడతారు. 9 మీద ఉండి 2 పడినా గెలిచినట్టే. సరిగ్గా పడాలన్న నియమం పెడితే ఉత్త ఎదురుచూపే.

అసలు కిటుకు నోటితో చెప్పడంలో ఉంది. పావు 5 మీద ఉండి 2 పడితే “ఒకటి, రెండు” అనకూడదు, “ఆరు, ఏడు” అనాలి. దాదాపు పిల్లలంతా మొదట్లో తప్పేది ఇక్కడే. ఇంకో పొరపాటు, నిలబడిన గడినే మొదటిదిగా లెక్కపెట్టడం. ముందు పావు ఎత్తించి, కొత్త గడిలో ఆనినప్పుడే సంఖ్య పలికించండి. తడబడితే వెంటనే అందించకండి. కాసేపు ఆగి, “ఐదు తర్వాత?” అనండి. అప్పటికీ రాకపోతే గడిలో సంఖ్య చూపించి కలిసి పలకండి. పిల్లలు ఒంటరిగా చేయలేనిది, కొంచెం చేయూతతో చేయగలిగేది ఎక్కడుందో అక్కడే నేర్చుకోవడం జరుగుతుందన్న సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ మాటకు ఆచరణ ఇదే. తడబాటు తగ్గాక మీ మాటా తగ్గాలి. తెలుగులోనో ఇంగ్లిషులోనో, ఒక ఆటంతా ఒకే భాషలో లెక్కపెట్టించండి.

ఫలితం చూడాలంటే ఆట అట్ట దాచేసి 25 సెం.మీ. గీత గీయండి. ఎడమ చివర 0, కుడి చివర 10 రాసి, 7 ఎక్కడుంటుందో వేలు పెట్టమనండి. మొదటి ఆటకు ముందు ఒకసారి, రెండు వారాల తర్వాత ఒకసారి అడిగితే తేడా తెలుస్తుంది.

పది బాగా పట్టుబడ్డాక వందకు వెళ్లొచ్చు. అప్పుడు వైకుంఠపాళి పటాన్ని నమూనాగా తీసుకోకండి. అందులో వరుస చివర బాట వెనక్కి తిరుగుతుంది. ఒక వరుసలో కుడివైపు పెరిగిన సంఖ్య పై వరుసలో ఎడమవైపు పెరుగుతుంది. ప్రతి వరుసా ఎడమ నుంచే మొదలైతే 14, 24, 34 ఒకే నిలువులో కనిపిస్తాయి.