బడి వార్తలతో వారం వారం గోడపత్రిక ఎలా నడపాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక గర్ల్స్ హైస్కూల్ పిల్లలతో రెండు చలికాలాలు గోడపత్రిక నడిపాను. మొదలుపెట్టడానికి డిసెంబర్, జనవరిని మించిన సమయం లేదు. ఆటల పోటీలు, వనభోజనం, జనవరి 23న నేతాజీ జయంతి, 24న జాతీయ బాలికా దినోత్సవం, 26న పెరేడ్, ఆ దరిదాపుల్లోనే సరస్వతీ పూజ. వార్తల కోసం వెతుక్కోనక్కర్లేదు.

జట్టు కట్టండి

ముందు హెడ్ మిస్ట్రెస్ గారిని అడిగి వరండాలో ఒక గోడ తీసుకోండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఆరుగురు చాలు. పదో తరగతి వాళ్ళని కదపకండి, మెట్రిక్ పరీక్షల టెన్షన్ వాళ్ళకుంది. ఆరుగురిలో ఒడియా దస్తూరీ బాగున్న పిల్ల ఒకతె, తెలుగు రాయగలిగిన పిల్ల ఒకతె తప్పకుండా ఉండాలి. హాస్టల్లో సవర గిరిజన అమ్మాయిలుంటే వాళ్ళలో ఒకరిని అడిగి మరీ చేర్చుకోండి. లేకపోతే హాస్టల్ కబుర్లు గోడ దాకా రావు.

వార్త ఏరుకోండి

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కొక్కరు రోజుకి ఒక్క వార్త నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు. "కబడ్డీ పోటీలు ఘనంగా జరిగాయి" అని రాస్తే కొట్టేసి మళ్ళీ రాయించండి. "గురువారం తొమ్మిదో తరగతి వాళ్ళు పదో తరగతిని రెండు పాయింట్ల తేడాతో ఓడించారు. చివరి రైడ్‌కి వెళ్ళిన అమ్మాయి చున్నీ నడుముకి బిగించి, చెప్పులు విడిచి వెళ్ళింది" అంటే పిల్లలు ఆగి చదువుతారు. ఆ అమ్మాయి పేరు కూడా వేయండి. ఎవరికి మార్కులు తగ్గాయి, ఎవరు తిట్లు తిన్నారు అన్నవి మాత్రం వద్దు.

వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర గురించి మూలన ఒక గడి ఉంచండి: ఏ రోజు ఇస్తారు, ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. చిన్న విషయమే, కానీ ఆడపిల్లల బడిలో అంతకంటే పనికొచ్చే వార్త తక్కువ.

తెలుగు మూల

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మన పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, బడిలో చదివేది ఒడియా. చాలామందికి తెలుగు అక్షరం చదవడం రాదు. అందుకని తెలుగు మూలలో ఐదు వరుసలకి మించి పెట్టకండి. అక్షరాలు వేలెడంత ఉండాలి. కింద అదే మాట ఒడియా లిపిలో రాయించండి. రెండు లిపులూ తాటాకు మీద పెరిగినవే, గుండ్రంగా ఉంటాయి. పోలికలు చూసి పిల్లలు త్వరగానే పట్టేస్తారు. ఒకసారి ఒక పిల్ల అమ్మమ్మ చెప్పిన పొడుపుకథ ఇలా వేశాం. మధ్యాహ్నం భోజనం కంచం చేత్తో పట్టుకునే, రెండో చేతి వేలితో ఒక్కో అక్షరం తడుముతూ ఆ పిల్ల చదివింది.

ఇంట్లో మాట్లాడే తెలుగే రాయనివ్వండి, గ్రాంథికంలోకి మార్చకండి. మాట్లాడే తెలుగునే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా కూర్చారు. ఈ ఊరి బడిలో ఒడియా, తెలుగు, సవర పిల్లల కబుర్లు ఒకే గోడ మీద ఉండటం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ళలో బియ్యప్పిండి నీళ్ళతో ఝోటి అనే ముగ్గు వేస్తారు. ఇంచుమించు అప్పుడే మనకి ధనుర్మాసం ముగ్గులు. రెండూ పక్కపక్కన గీయిస్తే బొమ్మల లోటుండదు.

రాసి, సరిచూడండి

శనివారం బడి అయ్యాక 22 × 28 అంగుళాల చార్టు మీద ముందు పెన్సిల్‌తో గడులు గీసి, తర్వాత రాయాలి. రాశాక ప్రతి పేరూ ఆ పిల్లకే చూపించండి. మా మొదటి సంచికలో పరుగుపందెం గెలిచిన అమ్మాయి పేరు బదులు ఆమె చెల్లెలి పేరు పడింది. ఇంటర్వెల్లో ఆ పిల్ల గోడ దగ్గర నిలబడి ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. తప్పు పడితే వచ్చే వారం అదే చోట సరిదిద్ది వేయండి.

గోడకి పెట్టండి

సోమవారం ప్రార్థన ముందు హడావిడిగా పెట్టకండి. చలికాలం పొద్దున్న మంచుకి వరండా గోడ చెమ్మగా ఉంటుంది, స్కెచ్ పెన్ను రంగు కారిపోతుంది. ఎండ వచ్చాక, పది దాటాక పెట్టండి. మైదా జిగురు ఈ చలికి ఆరదు. అట్ట మీద పిన్నులతో గుచ్చి, పైన ప్లాస్టిక్ షీటు కప్పండి. ఎనిమిదో తరగతి పిల్లల కంటి ఎత్తులో ఉండాలి.

పాత చార్టులు పారేయకండి. వెనక తేదీ వేసి, చుట్టి లైబ్రరీ బీరువాలో పెట్టండి. వార్షికోత్సవం రోజు తాడు కట్టి వరసగా వేలాడదీస్తే, చూడటానికి వచ్చిన అమ్మలు తమ పిల్లల పేర్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటారు.