కబోర్డు కింద ఎల్‌ఈడీ స్ట్రిప్: తేడా ఎక్కడ కొట్టింది?

మా వంటింట్లో ట్యూబ్‌లైటు గుమ్మం పైన ఉంది. గట్టు దగ్గర నిలబడితే వెలుగంతా వీపు మీద పడుతుంది, తరిగే కూరగాయల మీద మన నీడ పడుతుంది. "వంకాయలో పురుగుందో లేదో కూడా కనబడి చావట్లేదురా" అని అమ్మ రోజూ అంటుంటే, పై కబోర్డుల అడుగున ఎల్‌ఈడీ స్ట్రిప్, అంటే చిన్నచిన్న దీపాలు వరసగా ఉండి అంటించుకునే పట్టీ, నేనే వేద్దామని దిగాను. ఐదు మీటర్ల చుట్ట, ఒక అడాప్టరు, ఒక కత్తెర. గంట పని అనుకున్నా. మూడు ఆదివారాలు పట్టింది.

ఆ తర్వాత చుట్టాల ఇళ్లలో, కింది ఫ్లాట్లో కలిపి ఇంకో నాలుగు వంటిళ్లలో వేశాను, వేరేవాళ్లు వేసినవి బాగుచేశాను. ఎక్కడ చూసినా జనం ముందు స్ట్రిప్‌నే తిడతారు. "చైనా మాలు, పోయింది" అని పీకి పారేస్తారు. నేను చూసినంతలో స్ట్రిప్ తప్పు తక్కువ. అడాప్టరు, జాయింటు, జిడ్డు, ఈ మూడింట్లోనే ఎక్కడో రోగం ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా అడాప్టర్‌తో నడిచే 12 లేదా 24 వోల్టుల స్ట్రిప్ గురించి. నేరుగా 230 వోల్టుల ప్లగ్గుకి తగిలించే రకం ఒకటుంది, మీటర్ల లెక్కన కోసి అమ్ముతారు, ఫాల్స్ సీలింగులో బాగానే ఉంటుంది. తడి చేతులు తగిలే వంటగట్టు మీద మాత్రం వద్దు. అడాప్టర్‌కి ఇవతలి తీగల్లో ఉండేది పన్నెండో ఇరవైనాలుగో వోల్టులే కాబట్టి, అడాప్టరు సవ్యంగా ఉన్నంత వరకూ, షాక్ కొట్టే భయం లేదు. అవతలివైపు, అంటే స్విచ్‌బోర్డు వైపు, ఏం ముట్టుకోవాలన్నా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే మెయిన్ స్విచ్) దించి టెస్టర్ పెట్టి చూసుకున్నాకే. ఆ పనిలో చెయ్యి తిరగనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, నామోషీ ఏం లేదు.

అసలు వెలగనే లేదు

ముందు ప్లస్ మైనస్ చూడండి. ఎల్‌ఈడీ ఒకవైపు నుంచే కరెంటును పోనిస్తుంది. తీగలు అటూఇటూ మార్చి పెట్టండి, తిరగబడినందుకు స్ట్రిప్ పాడవదు. అయినా వెలక్కపోతే మల్టీమీటర్‌తో అడాప్టరు కొసన డీసీ వోల్టులు కొలవండి. అక్కడే 12 రాకపోతే అడాప్టరు పోయినట్టు. అక్కడ వచ్చి స్ట్రిప్ మీది రాగి చుక్కల దగ్గర రాకపోతే, తీగని స్ట్రిప్‌కి కలిపే క్లిప్పు సరిగ్గా కరవలేదు. సిలికాన్ పూత ఉన్న స్ట్రిప్‌లో ఇది మామూలే. పూత బ్లేడుతో గీకకుండా దూర్చేస్తారు, క్లిప్పు పళ్లు రాగిని తాకవు.

కోయడానికని స్ట్రిప్ మీద అచ్చేసిన కత్తెర గుర్తు దగ్గర కాకుండా ఎక్కడపడితే అక్కడ కోసినా, కోసిన చోటున్న దీపాల గుంపు వెలగదు. ఇంకోటి, స్ట్రిప్ మీద 24 అని ఉండి అడాప్టరు 12ది అయినా చీకటే. ఇదే తిరగబడి 12 స్ట్రిప్‌కి 24 అడాప్టరు తగిలిస్తే, "అబ్బ, ఏం వెలుగు" అనేలోపు మాడు వాసన వస్తుంది. దానికి మందు లేదు, కొత్త స్ట్రిప్ కొనాల్సిందే.

వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది

నా మొదటి ఆదివారం దీనికే పోయింది. పాత వైఫై రూటర్ అడాప్టరు ఇంట్లో పడి ఉంది, దాని మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. పన్నెండుకి పన్నెండు సరిపోయింది కదా అని తగిలించా. గట్టంతా దీపావళి సీరియల్ సెట్టులా టపటపా కొట్టుకుంది.

లెక్క ఇదీ. నా స్ట్రిప్‌లో మీటరుకి 120 దీపాలు, మీటరుకి 9.6 వాట్లు. ఐదు మీటర్లకి 48 వాట్లు. 12తో భాగిస్తే 4 ఆంపియర్లు. అడాప్టరు ఇవ్వగలిగింది రెండే. శక్తికి మించి లాగేసరికి అది తనను కాపాడుకోడానికి ఆగిపోతుంది, ఒక్క క్షణం ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. మనకి అది మిణుకులా కనిపిస్తుంది. నిర్ధారించుకోవడం తేలిక. స్ట్రిప్‌లో సగం విడదీసి చూడండి, మిణుకు ఆగితే దోషం అడాప్టరుదే. వచ్చిన వాట్ల మీద పావు వంతు కలిపి కొనండి. నాకు 60 వాట్లు, 5 ఆంపియర్లది పట్టింది. కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. స్ట్రిప్‌లో వంద రూపాయలు మిగుల్చుకున్నా ఫర్వాలేదు గానీ అడాప్టర్‌లో మిగుల్చుకోకండి, రాత్రీపగలూ కరెంటు మీద ఉండేది అదే.

స్ట్రిప్‌ని వేలితో కాస్త కదిపితే మిణుకుతోందంటే జాయింటు వదులైంది. ప్లాస్టిక్ క్లిప్పులు డ్రాయింగు రూములో ఏళ్లు నిలుస్తాయేమో, వంటింట్లో ఆవిరికీ నూనెకీ ఏడాది తిరక్కుండానే సడలుతాయి. పైగా 8 మిల్లీమీటర్ల స్ట్రిప్‌కి 10 మిల్లీమీటర్ల క్లిప్పు ఇచ్చి పంపే దుకాణాలు ఉన్నాయి. టంకం వేసుకోవడమే మేలు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. రాగి చుక్క మీద ముందు కాస్త సోల్డర్ పూయాలి, తీగ కొసకీ పూయాలి, ఆ తర్వాత రెండూ ఆనించి రెండు సెకన్లు వేడి చూపించాలి. పూత మెరిసి తీగని చుట్టుకోగానే తీసెయ్యండి. ఇంకా పెట్టి ఉంచితే రాగి చుక్క పట్టీ నుంచి లేచొచ్చేస్తుంది.

మిక్సీ వేసినప్పుడు మాత్రమే మసకబారుతోందా? అది స్ట్రిప్ జబ్బు కాదు. ఆ బోర్డులో ఎక్కడో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగెళ్లే తీగ, వదులుగా ఉండే అవకాశం ఎక్కువ. బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ఆ పూట మిక్సీ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇక వెలుగు తగ్గించుకుందామని గోడ మీది ఫ్యాన్ రెగ్యులేటర్‌కి అడాప్టర్‌ని కలిపినవాళ్లని ఇద్దరిని చూశాను. మామూలు అడాప్టరు దాన్ని భరించదు. డిమ్మర్ కావాలంటే అడాప్టర్‌కీ స్ట్రిప్‌కీ మధ్య పెట్టే చిన్న డీసీ డిమ్మర్ దొరుకుతుంది, అదే వాడండి.

మొదట్లో తళతళ, చివర్న మసక

12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి దీపాలు ఒక గుంపు. అందుకే కత్తెర గుర్తు మూడు దీపాలకొకసారి ఉంటుంది. ఒక్కో దీపం ఇంచుమించు 3 వోల్టులు తీసుకుంటుంది, మూడింటికి 9 పోతాయి. మిగిలిన 3 వోల్టులు పక్కనున్న చిన్న రెసిస్టర్ మీద పడతాయి, ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది ఆ మూడే. ఇప్పుడు చూడండి. స్ట్రిప్‌లోని రాగి పొర పల్చన. ఐదు మీటర్ల దూరం పోయేసరికి నా మల్టీమీటర్లో 12 కాస్తా 10.5 అయింది. పోయింది ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ రెసిస్టర్ వాటా 3 నుంచి 1.5కి పడిపోయింది, అంటే కరెంటు సగానికి దగ్గరగా తగ్గింది. కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది అందుకే.

పెద్ద అడాప్టరు కొంటే ఇది పోదు. చాలామంది ఇక్కడే డబ్బు తగలేస్తారు. దారి మార్చాలి. మాది ఎల్ ఆకారపు గట్టు, ఒకవైపు మూడు మీటర్లు, ఇంకోవైపు రెండు. అడాప్టర్‌ని మూలన పెట్టి, స్ట్రిప్‌ని రెండు ముక్కలు చేసి, రెండింటికీ మూల నుంచే విడివిడిగా తీగలు ఇచ్చా. తేడా కనబడకుండా పోయింది. గట్టు తిన్నగా ఉంటే అడాప్టర్ నుంచి చివరి కొసకి కూడా ఇంకో జత తీగలు లాగండి, 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. కొత్తగా కొనేవాళ్లయితే 24 వోల్టులది తీసుకోండి. అదే వెలుగుకి సగం కరెంటే పారుతుంది కాబట్టి ఈ గొడవ బాగా తగ్గుతుంది.

ఊడి ఇడ్లీ కుక్కర్ మీద వేలాడుతోంది

మూడో ఆదివారం కథ. తెల్లారి లేచేసరికి స్ట్రిప్ సగం ఊడి, ఆవిరి కక్కుతున్న కుక్కర్ మీద పాములా వేలాడుతోంది. వెనకున్న జిగురు మంచిదే, దాని మీద పేరున్న టేపు ముద్రే ఉంది. కబోర్డు అడుగున వేలు రాస్తే అసలు సంగతి తెలిసింది. గోరుకి పసుపుపచ్చని జిడ్డు అంటుకుంది. తాలింపు పొగ ఏళ్ల తరబడి అక్కడే పేరుకుంటుంది, తలుపులు తుడుస్తాం గానీ అడుగు ఎవరు తుడుస్తారు?

సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ నల్లబడనంత వరకూ రుద్దాలి. మొబైల్ రిపేర్ దుకాణాల్లో బోర్డులు కడిగేది ఇదే, చిన్న సీసా అడిగితే ఇస్తారు. మంట దగ్గర మాత్రం వద్దు, స్టవ్ ఆపి ఉండాలి. కొన్ని కబోర్డుల అడుగున సన్‌మైకా ఉండదు, వట్టి ప్లైవుడ్డే. దాని మీద ఏ టేపూ నిలవదు.

అసలు మందు అల్యూమినియం ప్రొఫైల్, అంటే కాలువలా ఉండే పొడుగాటి పట్టీ. స్ట్రిప్ దాంట్లో అతుక్కుంటుంది, ప్రొఫైల్‌ని స్క్రూలతో బిగిస్తాం, స్ట్రిప్ వేడిని కూడా అదే లాగేస్తుంది. ప్లైవుడ్ మామూలుగా 18 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అర అంగుళం స్క్రూలు వాడండి, పొడుగువి వాడితే లోపల డబ్బాల అరలో మొనలు తేలతాయి. ఫెవిక్విక్ జోలికి పోకండి. ఎండాక పెళుసుబారి ఊడుతుంది, చుట్టూ తెల్లటి పొర కమ్ముతుంది. స్టవ్‌కి సరిగ్గా పైన స్ట్రిప్ వేయకండి, ఆ చోటు చిమ్నీ లైటుకి వదిలెయ్యండి.

స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతోంది

అర్ధరాత్రి నీళ్లకి లేచినవాళ్లే కనిపెట్టే సమస్య ఇది. స్విచ్ ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా అడాప్టర్ దాకా ఫేజు వస్తూనే ఉంటుంది. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ దీపం ఉన్నా, దాని గుండా కారే కాస్త కరెంటుతో అడాప్టరు నిండి, కొన్ని సెకన్లకొకసారి స్ట్రిప్ కన్ను గీటుతుంది. స్విచ్‌ని ఫేజు మీదికి మార్పించండి, ఇండికేటర్ లేని స్విచ్ పెట్టించండి. ఇందులో మొదటిది సరదా వ్యవహారం కాదు, ఆపేశాం కదా అని అడాప్టర్‌ని విప్పితే షాక్ కొడుతుంది.

అల్యూమినియం ప్రొఫైల్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే అడాప్టర్‌కి ఎర్తింగు లేకపోయే అవకాశం ఎక్కువ. రంధ్రాల ఇనప డబ్బా రకం ఎస్‌ఎంపీఎస్‌లో (ఇదీ ఒక రకం అడాప్టరే) ఎర్త్ స్క్రూ ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. ఎర్తింగు పచ్చ తీగ అక్కడికి చేరాలి.

గ్రానైట్‌లో చుక్కలు, కొత్తిమీర మీద బూడిద రంగు

నల్ల గ్రానైట్ అద్దం లాంటిది, ఒక్కో దీపమూ అందులో చుక్కలా లెక్కపెట్టుకోవచ్చు. ప్రొఫైల్‌కి పాలరంగు మూత పెట్టండి, లేదా చుక్కలు లేకుండా పట్టీ అంతా వెలిగే సీఓబీ స్ట్రిప్ కొనండి. గోడవైపు అంటిస్తే టైల్స్ మాత్రమే మెరుస్తాయి, కత్తి దగ్గర మళ్లీ చీకటే. కబోర్డు ముందు అంచుకి, పలకకి లోపలివైపుగా అంటించి వెలుగుని కాస్త గోడవైపుకి వాల్చితే కళ్లకీ తగలదు.

రంగు సంగతి. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపలుండేది నీలం చిప్పు, దాని మీద పసుపు పూత. నాసిరకంలో ఎరుపు పాలు తక్కువ, అందుకే టమాటాలు చచ్చినట్టు, ఎండుమిర్చి మట్టిలా కనిపిస్తుంది. సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, వందకి) 90 పైన ఉన్నది అడగండి. రంగు 4000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి నీలి తెలుపు అవుతుంది) అయితే తరగడానికి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. అమ్మకి 6500 కావాలి, ట్యూబ్‌లైటు అలవాటు. ఆవిడే గెలిచింది. రెండు చుట్టలు కావాలంటే ఒకేసారి, ఒకే పెట్టెలోంచి తీసుకోండి, తర్వాత కొన్నదాని తెలుపు కలవదు.

మూడే మూడు దీపాలు చచ్చాయి

గుంపులో ఒకటి పోతే మూడూ ఆరతాయి. రెండు కత్తెర గుర్తుల మధ్య ఆ ముక్క కోసేసి, మిగిలిన చుట్ట నుంచి అంతే ముక్క టంకం వేయండి. అందుకే మిగిలిన ముక్కలు పారేయకూడదు.

ఎంసీబీ పడిపోతోంది

ఇది మా ఇంట్లో జూన్‌లో జరిగింది. తీగలన్నీ చూశా, జాయింట్లన్నీ చూశా. చివరికి కబోర్డు పైనున్న ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పితే, వెచ్చదనానికి దూరిన బల్లి రెండు టెర్మినళ్ల మధ్య మాడి అతుక్కుపోయి ఉంది. రంధ్రాల డబ్బా వంటింటికి పనికిరాదని ఆవేళ తెలిసింది. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లి అన్నివైపులా మూసి ఉన్న, నీళ్లు దూరని రకం తెచ్చా. గాలి తగిలేలా కబోర్డు పైన, గోడకి నాలుగు వేళ్ల ఎడంగా పెట్టా. చలికాలంలో ఇంకో బల్లి దాని మీద పడుకుంటోంది. లోపలికి దారి లేదు కాబట్టి దాని మానాన దాన్ని వదిలేశాం.