లెటర్‌బాక్సింగ్ క్లూ: బయల్దేరే ముందు తేదీ చూడండి

లెటర్‌బాక్సింగ్ అంటే ఎవరో దాచిన చిన్న పెట్టెను క్లూల సాయంతో వెతికి పట్టుకుని, అందులోని స్టాంపును మన నోట్‌బుక్‌లో, మన స్టాంపును అందులోని పుస్తకంలో వేసే ఆట. క్లూ పట్టుకుని గంటసేపు నడిచి వెళ్తే, రాయి కింద పెట్టె లేకపోవడం ఎంత ఉసూరుమనిపిస్తుందో! ఇప్పుడు నేనిలా చేస్తున్నాను.

ఈ పెట్టెల క్లూలు దొరికే అట్లాస్ క్వెస్ట్ వెబ్‌సైట్‌లో ఊరి పేరు ఇచ్చి, దూరం ముందు 10 మైళ్లే పెట్టండి. ఒకేసారి 50 పెడితే జాబితా చూసే ఓపికే ఉండదు. వచ్చినవాటిలో చివరిసారి ఎప్పుడు దొరికిందో ఆ తేదీ చూసి, గత 6 నెలల్లో ఎవరికైనా దొరికినవే ముందు ఎంచుకోండి. తర్వాత క్లూ మొత్తం ఇంట్లోనే చదవండి. ఇది ముఖ్యం. "రెండు మొదళ్ల చెట్టు నుంచి ఉత్తరంగా 20 అడుగులు" అని ఉంటే దిక్సూచి కావాలి. ఆ అడుగులు కొలతా, నడకా అన్నది కూడా క్లూలోనే ఎక్కడో ఉంటుంది. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి కాగితం మీద రాసుకోండి. స్టాంపు, ఇంకు ప్యాడ్, నోట్‌బుక్ ఎలాగూ ఉండాల్సినవే.

ఒక్క జాగ్రత్త: చోటు చెప్పకుండా పొడుపుకథలా పెట్టిన మిస్టరీ పెట్టెలు ఇలా దూరాన్ని బట్టి వెతికితే తగలకపోవచ్చు. వాటిని విడిగా వెతుక్కోవాలి.